తండ్రి ఋణము – తనయునిపై వ్యాజ్యము

ప్రవాసాంధ్రుల చరిత్ర వ్రాయువారు శాసనములను, వంశావళులను శోధింతురు గాని, సివిలు కోర్టు దావాలను అంతగా పరికింపరు. తండ్రి తీర్పక విడిచిన అప్పునకు కుమారునిపై దావా పడినప్పుడు, ఆ కుటుంబ మెచ్చట కాపురమున్నదో అచ్చటి న్యాయమునే అది యనుభవింపవలసి వచ్చెను.

మూలధర్మ మొక్కటియే. విజ్ఞానేశ్వరుని మితాక్షర కల్యాణి చాళుక్యుల కాలమున కన్నడదేశమున వెలసెను. పదుమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనిగించెను. తండ్రి ఋణము తీర్చుట పుత్రునకు విధి. జూదమునకు, మద్యమునకు చేసిన యప్పు మాత్రము వాని నంటదు.

మదురై, తిరునల్వేలి నల్లరేగడి భూములందు తరతరములుగా స్థిరపడిన కమ్మ, రెడ్డి, కంబళ నాయకర్ కుటుంబములకు మదరాసు కోర్టులే గతి. తండ్రి యప్పునకై సమష్టి యాస్తిలోని కుమారుల భాగమును గూడ అమ్మవచ్చునని 1874లో ప్రీవీ కౌన్సిలు గిరిధారీలాల్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 1882లో శివగిరి జమీను వ్యాజ్యమున ఆ సూత్రమే దక్షిణమునకును వచ్చెను. శివగిరి మఱవ పాలెగాండ్రది. అయినను తీర్పునకు కులభేదము, భాషాభేదము లేవు గదా! కుమారుని స్వార్జితమునకు బాధ్యత లేదు. కాని పిత్రార్జితమున తన పాలు దక్కించుకొనవలెనన్నచో, ఆ యప్పు దుర్వ్యసనమునకు చేసినదని వాడే రుజువు చేయవలెను. కన్నతండ్రి నడవడిని కొడుకే సాక్షిబోనెక్కి దూషింపవలసి వచ్చుట ఈ న్యాయమందలి కఠినాంశము.

బొంబాయి రాజధానియందు పూర్వము ఇంతకన్న కాఠిన్య ముండెను. తండ్రి యాస్తి యేమియు చిక్కకున్నను కొడుకు చెల్లింపవలసినదే. 1866 నాటి 7వ చట్టము ఆ బాధ్యతను చేతికందిన ఆస్తి మేరకే పరిమితము చేసెను. వితంతువును మారుమనువాడినవాడు, ఆ కారణము చేతనే, ఆమె పూర్వభర్త ఋణములకు బాధ్యుడు కాడనియు అందు కలదు. షోలాపురపు పద్మశాలీలకు, బొంబాయి కామాఠీలకు మరియొక రక్షణ గలదు: వడ్డీ బకాయి అసలును మించరాదను దామదుపటు నియమము. మదరాసు జిల్లాల కోర్టులు దీని నంగీకరింపలేదు. అచ్చటి రైతు 1938 నాటి ఋణవిమోచన చట్టము వరకు వేచియుండవలసి వచ్చెను. అసలునకు రెట్టింపు చెల్లించియుండినచో అప్పు తీరినట్లేయని ఆ చట్టము నిర్ణయించెను.

ఫ్రెంచివారి యేలుబడిలోని యానాములో చిక్కే వేఱు. ఆ న్యాయమున తండ్రియే ఆస్తికి సర్వాధికారి. పుత్రునకు జన్మసిద్ధమగు భాగము లేదు. లేని భాగమును కాపాడుకొనుట యెట్లు?

హిందూ వారసత్వ చట్టమునకు 2005లో జరిగిన సవరణ, కేవలము పుత్రధర్మమును పట్టి కుమారునిపై దావా నడుపు హక్కును తొలగించెను. ఆ యేడు సెప్టెంబరు 9కి పూర్వము చేసిన అప్పులకు మాత్రము పాత నియమమే నిలిచినది.