పేరు పెట్టని ద్రాక్షాసవము

వేలము పాటలో ముందు వస్తువును ఎత్తి చూపుదురు, గుణములు వర్ణింతురు, ఆపైన ధర పలుకును. 1981 జూన్ మాసమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, నాపా లోయ ద్రాక్షతోటల వారు మొట్టమొదటి వేలము జరిపినప్పుడు మాత్రము ఒక వింత జరిగినది. పాటకు వచ్చిన ఎర్రని ద్రాక్షాసవము ఒకదానికి అప్పటికి పేరే లేదు. అది బజారుకు రానే లేదు. అయినను పన్నెండు సీసాల పెట్టె 24,000 డాలర్లు పలికినది. అనగా సీసా ఒక్కింటికి 2,000 డాలర్లు! కొన్నవారు దేనికి అంత వెల ఇచ్చినట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము కొరకు కొంత వెనుకకు పోవలెను. 1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధము అమలులో ఉండెడిది. ఆ పదమూడేండ్లలో నాపా లోయలో ఎన్నో ఆసవశాలలు మూతపడినవి. నిషేధము తొలగిన పిమ్మట గూడ ఆ లోయ కోలుకొనుటకు దశాబ్దములు పట్టినది. 1966లో రాబర్ట్ మాండవి అను ఆయన ఓక్‌విల్‌లో కొత్త ఆసవశాల స్థాపించి, ఫ్రాన్సుతో సరితూగు సరుకు ఈ నేలలోను పండునని పట్టుబట్టినాడు. 1976లో పారిస్ నగరమున, సీసాల పేర్లు మరుగుపరచి రుచి చూచిన ఫ్రెంచి పరీక్షకులు ఎర్రని ఆసవములలో నాపా సరుకునకే ప్రథమస్థానము ఇచ్చినారు.

ఇక రెండవ వ్యక్తి ఫ్రాన్సు దేశీయుడైన బేరన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్. 1855 నాటి బోర్డో వర్గీకరణలో ఆయన మూటన్ తోటకు ద్వితీయశ్రేణి మాత్రమే దక్కినది. దశాబ్దముల తరబడి పోరాడి 1973లో దానిని ప్రథమశ్రేణికి చేర్చినాడు. అంత కష్టపడి తెచ్చుకొన్న పరువును కాలిఫోర్నియా ద్రాక్షతో ముడిపెట్టుట సాహసమే. 1978లో వారిద్దరికిని ఒడంబడిక కుదిరినది; 1979 పంటతో తొలి ఆసవము తయారైనది.

అది ఒకే జాతి ద్రాక్ష రసము కాదు. అధికభాగము కాబెర్నే సావిన్యాన్; దాని వగరు ఆసవమునకు బలమును, నిలువ ఉండు శక్తిని ఇచ్చును. కాబెర్నే ఫ్రాంక్ పరిమళమును, మెర్లో మార్దవమును చేకూర్చును. ఈ మేళవింపు బోర్డో సంప్రదాయము. నేల మాత్రము నాపాది.

ఆ వేలపు సొమ్ము స్థానిక వైద్యశాలలకు ఉద్దేశించినది. దీనికి ఒరవడి ఫ్రాన్సులోని బోన్ పట్టణము. అచ్చట 1443లో నికొలా రోలాఁ దంపతులు బీదరోగుల కొరకు వైద్యశాల స్థాపించినారు. దాతలు ఇచ్చిన తోటలలోని ఆసవమును 1859 నుండి వేలము వేయుచు, ఆ రాబడిని వైద్యశాలకు వినియోగించుచున్నారు.

పేరులేని ఆ ఆసవమునకు 1982లో ‘ఓపస్ వన్’ అని నామకరణము జరిగినది. సంగీతకర్త తొలి రచన అని దాని అర్థము. మనము వేలమును ‘పాట’ అందుము. పాటలో పుట్టిన కీర్తికి సంగీతపు పేరే అమరినది! 1984లో బజారుకు వచ్చినప్పుడు సీసా వెల సుమారు 50 డాలర్లు మాత్రమే.

2,000 డాలర్లకును 50 డాలర్లకును నడుమ ఉన్న అంతరమును ద్రాక్షరసముతో కొలువలేము. అందులో కొంత ఇద్దరు పెద్దమనుషుల మాటపై నమ్మకము. కొంత రోగులకు అందిన సాయము. ఆ రెండవ భాగమునకు మాత్రము సీసా మూత తీయనక్కరయే లేకపోయినది.