బంజారా హిల్స్: పేరు మనది, అడవి ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మొన్న ఆదివారం అమీర్‌పేట హాస్టల్ రూమ్‌లో మేమంతా కూర్చుని జపాన్ సినిమా ‘ప్రిన్సెస్ మోనోనొకే’ చూసినం. మియాజాకీ తీసిండు, 1997లో వచ్చింది. దేవుళ్లు తిరిగే పాత అడవి, దాన్ని నరికి ఇనుము కరిగించే ఊరు. హీరో ఎమిషి తెగ పిల్లగాడు. ఎమిషీలు జపాన్ చరిత్రలో నిజంగా ఉన్నోళ్లే, రాజుల సైన్యాలు అణచివేసిన జనం. సినిమా అయిపోయినంక మాలో ఒకడు అన్నడు: “ఇట్లాంటి కథ మన పక్కనే ఉంది కదరా!” నిజమే. పంజాగుట్ట దాటితే బంజారా హిల్స్.

అడవిలో దేవుడుండుడు మనకు కొత్త కాదు. సీత్లా పండుగకు తాండా పొలిమేరలో అమ్మవార్లను నిలిపి, పశువులు సల్లగుండాలని మొక్కుతం. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దక్కనంతా తిరిగినోళ్లు. మొఘల్ సైన్యాలకు తిండిగింజలు చేర్చింది కూడా మనోళ్లే. 1874లో సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. రైళ్లు, రోడ్లు పెరిగిన కొద్దీ ఎడ్ల బేరం పడిపోయింది. చాలామంది పశువుల మీద, అడవి మీద ఆధారపడి గుట్టల్లో నిలిచిపోయిండ్రు.

అట్లాంటి గుట్టలే ఇవి. సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైట్ బండలు, వాటి మధ్య చెట్లు, బంజారాల నివాసాలు. ఆ పేరు అట్లనే వచ్చింది. నిజాం కాలంలో మెహదీ నవాజ్ జంగ్ అనే అధికారి ఇక్కడి బండలను కలుపుకొని ఇల్లు కట్టుకున్నడు. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ ఆయన అతిథిగా వచ్చిండు. తర్వాత ధనవంతులు ఒక్కొక్కరే గుట్ట ఎక్కిండ్రు. రోడ్లకు నంబర్లు పడ్డయి. తాండాలు పోయినయి, పేరు మిగిలింది.

అడవిలో మిగిలిన ముక్క ఇయ్యాల కేబీఆర్ పార్కు. 1998లో జాతీయ ఉద్యానవనం అయింది, సుమారు 1.4 చదరపు కిలోమీటర్లు. నెమళ్లు, ముళ్లపందులు బతుకుతున్నయి, సంతోషమే. 2016లో ఫ్లైఓవర్ల కోసం చుట్టూ ఉన్న చెట్లు కొడతరంటే నగరం గొంతెత్తింది, అదీ మంచిదే. కానీ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపొద్దు. అంటే పశువులు కాసుకుని బతికినోళ్ల పేరున్న గుట్టల మీద, మిగిలిన అడవిలోకి ఇప్పుడు ఒక్క ఆవును కూడా తోలలేం. చెట్టును కాపాడుడు తప్పు అంటలేం. ఆ చెట్ల నీడన బతికిన మనుషులను మరిచిపోవుడు తప్పు అంటున్నం.

2022 సెప్టెంబర్ 17న ఇదే బంజారా హిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ మొదలైనయి. మంచిదే. కానీ భవనం ఒక్కటే చరిత్ర చెప్పదు, మనం చెప్పాలె.

అందుకే ఒక్క పని చేద్దాం. ఈసారి ఇంటికి పోయినప్పుడు తాత దగ్గర, యాడి దగ్గర ఫోన్ రికార్డింగ్ పెట్టి కూర్చోండి. మీ తాండా ఎక్కడి నుంచి లేచి వచ్చింది, దారిలో ఏ గుట్ట, ఏ చెట్టు, ఏ దేవత అని అడగండి. గోండు, కోయ, చెంచు మిత్రులు కూడా తమ అడవుల ముచ్చట్లు రాయాలె. పెద్దోళ్లు పోతే ఆ అడవి రెండోసారి పోయినట్టే.

జై సేవాలాల్!