మంచినీటిలో క్లోరిన్: మేలు, కీడు

కృష్ణా తుంగభద్రల నడుమ గల గద్వాల సీమను జనులు నడిగడ్డ యందురు. వానకాలములో ఆ నదుల నీరు ఎర్రనై, బురదతోను, కుళ్ళిన ఆకులతోను వచ్చును. పూర్వము కడవలో చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చుకొనెడివారు. బురద అడుగునకు దిగెడిది. కాని కంటికి కనబడని సూక్ష్మజీవులు చచ్చెడివి కావు.

నేడు జూరాల నుండియు, శ్రీశైలము జలాశయము నుండియు తీసిన కృష్ణా జలము శుద్ధిచేయబడి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు గొట్టములద్వారా చేరుచున్నది. కొళాయి నీటిలో మందు వాసన తగిలినపుడు "ఇది త్రాగవచ్చునా?" యను శంక కలుగుట సహజము. ఈ శంక క్రొత్తది కాదు.

1854లో లండను నగరమున జాన్ స్నో యను వైద్యుడు కలరా నీటిద్వారా వ్యాపించునని చూపెను. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలోని ఒక చెరువునీటిలోనే ఆ రోగపు సూక్ష్మజీవిని కనుగొనెను. శత్రువు తెలిసిన పిమ్మట ఆయుధము దొరికెను. 1897లో ఇంగ్లాండునందలి మెయిడ్‌స్టోన్ పట్టణములో టైఫాయిడు ప్రబలగా నీటిగొట్టములను బ్లీచింగ్ పొడితో శుద్ధిచేసిరి. 1908లో అమెరికాయందలి జెర్సీ నగరపు నీటికి నిత్యము క్లోరిన్ మందు కలుపుట మొదలయ్యెను. ఇది హానికరమా యను వివాదము న్యాయస్థానమునకు పోగా, తీర్పు క్లోరిన్ పక్షముననే వచ్చెను.

అయినను కథ అంతటితో ముగియలేదు. 1974లో హాలెండు శాస్త్రజ్ఞుడు రూక్ ఒక క్రొత్త సంగతి బయటపెట్టెను. నీటిలో కుళ్ళిన ఆకులవంటి సేంద్రియ పదార్థములున్నచో క్లోరిన్ వానితో కలిసి క్లోరోఫారము మున్నగు ట్రైహాలోమీథేనులను పుట్టించును. ఎక్కువ మోతాదులో క్లోరోఫారము ఎలుకలకు పుట్టకురుపు కలిగించునని 1976లో తేలెను. 1979లో అమెరికా ప్రభుత్వము ఈ పదార్థములన్నియు కలిసి లీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదని హద్దు పెట్టెను; తరువాత దానిని 80కి తగ్గించెను.

అట్లని క్లోరిన్‌ను మానవలెనా? మానరాదు. క్లోరోఫారము వలని కీడు అల్పము, ఏండ్లతరబడి త్రాగినచో కలుగగల ప్రమాదము. కలరా కొన్ని గంటలలోనే ప్రాణము తీయగలదు. ఉపఫలముల భయముతో సూక్ష్మజీవుల సంహారమును సడలింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పుచున్నది. 2009 అక్టోబరులో రెండు నదులును పొంగి అలంపురము, రాజోలి ప్రాంతములను ముంచెను. అట్టి వరద చొచ్చిన బావినీరు క్లోరిన్ లేక త్రాగదగినది కాదు.

కావున వరుస ముఖ్యము. ముందు పటికతో బురదను తేర్చి, ఇసుకలో వడగట్టి, సేంద్రియ పదార్థములను తగ్గింపవలెను; పిమ్మటనే క్లోరిన్ కలుపవలెను. మన దేశపు ప్రమాణము ప్రకారము కొళాయివద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. క్లోరోస్కోపు అను చిన్న పరికరములో నీటిరంగును పోల్చి దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. రంగు రానిచో నీటిలో రక్షణ చాలదన్నమాట. మందు వాసనకంటె మందు లేకపోవుటకే మనము ఎక్కువగా భయపడవలెను.