169 వచ్చిందా? కేబుల్ చూడు!

2001 ప్రాంతంలో మా ఊరి బస్టాండు ఎదురుగా ఓ నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను, ఒకే ఒక్క మోడెమ్. ఎంసెట్ ఫలితాల రోజున గుమ్మం దాటి రోడ్డు మీదికి క్యూ. సరిగ్గా అప్పుడే నాలుగో కంప్యూటర్‌లో నెట్ పోయేది. సెంటర్ నడిపే అన్న వచ్చి 'విన్‌ఐపీసీఎఫ్‌జీ' అని కొట్టి, తెరుచుకున్న పెట్టెలో ఐపీ చిరునామా మొదటి మూడంకెలు చూసి, "169 వచ్చిందిరా, కేబుల్ చూడు" అని కుర్రాణ్ని బల్ల కిందికి తోలేవాడు. నాడి పట్టుకున్న ఆయుర్వేద వైద్యుడిలా ఉండేది ఆ వాలకం. ఆ మూడంకెల వెనక ఎంత కథ ఉందో ఆయనకూ పట్టలేదు, మార్కుల కోసం వచ్చిన మాకూ పట్టలేదు.

ఇంటర్నెట్ పుట్టిన కొత్తలో చిరునామా అంటే ఒకసారి ఇస్తే అలా ఉండిపోయేదే. ఏ నెట్‌వర్క్‌కు ఏ నంబరిచ్చారో అమెరికాలో జాన్ పోస్టెల్ లెక్క రాసుకునేవాడు. మొదట్లో ఆ రిజిస్టరు ఒక నోటుపుస్తకం కాగితమే. నెట్‌వర్క్ లోపల ఏ మిషనుకు ఏ అంకె అన్నది అక్కడివాళ్లు చేత్తో కొట్టుకునేవారు. పది మిషన్లున్నచోట ఇది చాకిరీ కాదు. వందలొచ్చాక, ఒకే అంకె పొరపాటున రెంటికి పడితే రెండూ మొరాయించేవి.

హార్డ్ డిస్కే లేని కంప్యూటర్లు వచ్చాక చిక్కు ముదిరింది. ఆన్ చేయగానే తానెవరో తనకే తెలియని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. 1985లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ 'బూట్‌పీ' రాశారు. అందులోనూ ఏ నెట్‌వర్క్ కార్డుకు ఏ అంకె అన్న పట్టిక ఒక మనిషి ముందే నింపి ఉంచాల్సిందే. ఆ మనిషిని తప్పించింది 1993 అక్టోబరులో వచ్చిన డీహెచ్‌సీపీ. పెన్సిల్వేనియాలోని బక్నెల్ యూనివర్సిటీలో అప్పట్లో పాఠాలు చెప్పిన రాల్ఫ్ డ్రోమ్స్ దాని రచయిత. ఆయన తెచ్చిన మార్పు ఒక్క మాటలో, అద్దె. చిరునామా ఇక సొంతిల్లు కాదు.

ఊరికి కొత్తగా వచ్చినవాడు వీధి మధ్యన నిలబడి "ఇక్కడ అద్దెకు గది ఉందా?" అని కేకేసినట్టే ఉంటుంది ఆ తతంగం. ఎవరిని అడగాలో తెలియదు కనక అందరికీ వినబడేలా అడుగుతాడు. తనకింకా చిరునామా లేదు కనక అన్నీ సున్నాలు రాస్తాడు. ఒకరు "ఇదిగో ఈ గది" అంటారు, ఇతను "సరే, అదే ఇవ్వండి" అంటాడు, వాళ్లు "తీసుకో" అంటారు. నాలుగు మాటల్లో బేరం ముగుస్తుంది. అద్దె గడువు సగం కాగానే వెళ్లి పొడిగించమంటాడు. జవాబు రాకపోతే, ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక వీధిలో ఎవరినైనా అడగడం మొదలెడతాడు.

ఈ ఏర్పాటులో ఒక అమాయకత్వం ఉంది. కేకకు పలికినవాడు నిజంగా ఇంటి యజమానేనా అని ఎవరూ అడగరు. హాస్టళ్లలో చదివినవాళ్లకిది గుర్తుండే ఉంటుంది. మూడో అంతస్తులో ఒక మహానుభావుడు తన ఫోన్ లైను నెట్‌ను రూమ్మేటుకు పంచుదామని ఏదో టిక్కు పెడతాడు. ఆ క్షణం నుంచి అతని కంప్యూటరే బిల్డింగు మొత్తానికి ఐపీలు పంచేస్తుంది. అందరికీ అంకె వస్తుంది, ఎవరికీ నెట్ రాదు. అంకె అసలు రాకపోవడం కన్నా ఇది పట్టుకోవడం కష్టం. బయటికి దారి చూపే గేట్‌వే అన్న చోట ఎవరి అంకె ఉందో చూసి, ఆ మిషను ఏ గదిలో ఉందో వెతుక్కుంటూ తలుపులు కొట్టాల్సిందే.

ఆ టిక్కు విండోస్ 98 రెండో ఎడిషన్‌తో 1999లో వచ్చింది. పేరు ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్. కానీ దాని మూలం 1994 మేలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ రాసిన 'నాట్' పత్రంలో ఉంది. ప్రపంచం మొత్తానికి ఉన్నవి 429 కోట్ల పైచిలుకు అంకెలే, అవి చాలవని అప్పటికే తేలిపోయింది. లోపల ఎన్ని మిషన్లున్నా బయటికి మాత్రం కొద్ది చిరునామాలతోనే నెట్టుకొద్దామన్నది వాళ్ల ఉపాయం. కొన్నాళ్లకు సరిపడే సర్దుబాటుగానే రాశారు. తాత్కాలికమన్న షెడ్డే స్లాబు వేసుకుని కూర్చున్న సంగతి మనకు కొత్త కాదు. 1994లోనే లోపలి వాడకానికి మూడు గుత్తుల అంకెలు విడిగా ఉంచారు. వాటిలో 10తో మొదలయ్యేది ఒకప్పుడు అర్పానెట్‌దే. 1990లో ఆ నెట్‌వర్క్ మూతపడింది, అంకె ఖాళీ అయింది.

ఇప్పుడు మన 169 దగ్గరికి. కేకేసినా ఎవరూ పలక్కపోతే? విండోస్ 98 దీనికో దారి చూపింది. 169.254తో మొదలయ్యే గుత్తిలో ఏదో ఒక అంకెను కంప్యూటరే ఎంచుకుని, "ఇది ఎవరిదైనా ఉందా?" అని అడిగి, ఎవరూ అడ్డు చెప్పకపోతే అందులో చేరిపోతుంది. అలాంటివి రెండుంటే ఒకదాంతో ఒకటి ఫైళ్లు పంచుకోగలవు, గేమ్ ఆడించగలవు. బయటికి మాత్రం దారుండదు. 2005 మేలో దీన్ని ప్రమాణంగా రాసినవారు స్టువర్ట్ చెషైర్, బెర్నార్డ్ అబోబా, ఎరిక్ గట్‌మన్. యాపిల్, మైక్రోసాఫ్ట్, సన్‌లకు చెందిన మనుషులు ఒకే కాగితం మీద సంతకం పెట్టినట్టు.

అంటే 169 అన్నది జబ్బు పేరు కాదు, జవాబు రాలేదన్న కబురు. అందుకే అన్న మొదట కేబులు, తర్వాత హబ్‌లో దీపం, తర్వాత మోడెమ్ ఉన్న ఒకటో కంప్యూటర్ ఆనై ఉందా అన్నది చూసేవాడు. దాన్ని ఎవరైనా ఆపేస్తే మిగతా ఐదూ అనాథలే. తర్వాత విండోస్ ఎక్స్‌పీ వచ్చింది, ఫైర్‌వాల్ తెచ్చింది. దాన్ని పొరపాటున లోపలి కార్డుకు పెడితే అద్దె కేకలు వినిపించే 67వ పోర్టు మూతపడేది, కేబుల్ బాగున్నా 169 వచ్చేది. ఆ రోజుల్లో బల్ల కింద దూరి లాభం లేదు. అదే లోపలి వాడకపు గుత్తుల్లో ఒకటైన 192.168 అని వస్తే అన్న దారి వేరు. ముందు ఒకటో కంప్యూటర్ అంకె 192.168.0.1ను పింగ్ కొట్టేవాడు. పలికితే గొడవ ఇంట్లో కాదు, ఫోన్ లైన్లో.

2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మరో తలనొప్పి. షేరింగ్ పెట్టిన కంప్యూటర్ పట్టుబట్టి 192.168.0.1 తనదే అంటుంది. కొన్ని మోడెమ్‌లూ అదే అంకెతో వచ్చేవి. ఒక ఇంటి నంబరుకు రెండిళ్లు! విండోస్ 7లో దాన్ని 192.168.137.1గా మార్చాక గానీ ఈ పేచీ తగ్గలేదు.

2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని పాత అంకెలు అయిపోయాయి. వాటి తర్వాతి తరమైన ఐపీవీ6లో ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఎవరినీ అడగకుండా ఎఫ్‌ఈ80తో మొదలయ్యే సొంత అంకె ఒకటి ఉండి తీరాలి. నెట్ ఉన్నా లేకున్నా అది కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూసి కేబుల్ వెతకమని కుర్రాణ్ని బల్ల కిందికి పంపడానికి లేదు.