దాత పక్కకు తప్పుకున్న చోట

ముల్కనూరు మహిళా డెయిరీకి పాతికేళ్లు నిండాయి. 2000 ఆగస్టులో మొదలైన ఈ సహకార సంస్థలో పాలు పోసేవాళ్లూ, ఓటు వేసేవాళ్లూ, పాలకవర్గంలో కూర్చునేవాళ్లూ అందరూ ఆడవాళ్లే. ఇలాంటి సందర్భాల్లో ఎన్ని లీటర్లు, ఎంత టర్నోవర్, ఎంత బోనస్ అని లెక్కలు రాసుకోవడం సహజం, ఆ లెక్కలు రాయదగ్గవే. అయితే ఈ డెయిరీ పుట్టుక వెనక ఉన్న నలభై ఏళ్ల కథలో, బీద పల్లెలకు సాయం చేయాలనుకునే దాతలకు, ఫౌండేషన్లకు, కంపెనీలకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. ఇచ్చిన సొమ్ము బీద ఇంట్లో ఎంతకాలం నిలుస్తుందన్నది, ఆ సొమ్ము ఎంతన్నదాని కంటే దాని మీద ఎవరి మాట చెల్లుతుందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. దాన్ని నిరూపించడానికి వరంగల్ దాటి దూరం వెళ్లనక్కర్లేదు.

కథ 1956లో మొదలైంది. ఇప్పుడు హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉన్న ముల్కనూరు అప్పట్లో కరీంనగర్ జిల్లా పల్లె. తెలంగాణ సాయుధ పోరాటం ఆగి ఐదేళ్లే అయింది, వెట్టి చేసిన చేతులు ఇంకా పనిలోనే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 1951-52లో దేశవ్యాప్తంగా జరిపించిన గ్రామీణ పరపతి సర్వేలో, రైతులు తీసుకున్న ప్రతి వంద రూపాయల అప్పులో సహకార సంఘాలు ఇచ్చింది మూడు రూపాయల చిల్లరేనని తేలింది. పెద్ద వాటా వడ్డీ వ్యాపారులదే. ఆ రోజుల్లో ఎ.కె. విశ్వనాథరెడ్డి పూనికతో చుట్టుపక్కల పల్లెల రైతులు కలిసి ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం పెట్టుకున్నారు. మొదట్లో సభ్యులు నాలుగు వందల లోపే. పరపతి, మార్కెటింగ్ అనే రెండు పనులూ ఒకే సంఘానికి అప్పగించడంలోనే అసలు తెలివి ఉంది. విత్తనానికి అప్పిచ్చేదీ, ఎరువు అమ్మేదీ, పంట కొనేదీ ఒకే సావుకారైతే రైతు మూడు చోట్లా నష్టపోతాడు. ఆ మూడు పనులూ రైతుల సంఘమే చేపడితే, అప్పు పంటతోనే తీరుతుంది, మిగులు సంఘంలోనే ఉంటుంది. తర్వాతి దశాబ్దాల్లో బియ్యం మిల్లు, పత్తి జిన్నింగ్, వరి విత్తనశుద్ధి అన్నీ ఆ మిగులు చుట్టూ అల్లుకున్నవే. స్థితిమంతుడైన ఒక పెద్దమనిషి పల్లెకు ఇవ్వగలిగినవాటిలో సత్రం, గుడి, అన్నదానం అప్పటికే అందరికీ తెలుసు. విశ్వనాథరెడ్డి ఇచ్చింది తన పలుకుబడి, తన సమయం, తన చదువు. అవి సంఘం ఖాతాలో ఎక్కడా రాసి ఉండవు, కానీ బ్యాంకు నమ్మిందీ, అధికారి విన్నదీ వాటి వల్లే.

ఇది ఒక్క మహానుభావుడి చలవ, అలాంటివాళ్లు ప్రతి మండలానికీ దొరకరు కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. దానికి జవాబు సంఘం కంటే డెయిరీలోనే దొరుకుతుంది, ఎందుకంటే డెయిరీకి అలాంటి ఒక్క పెద్ద లేడు. 1990 తర్వాత సహవికాస (అప్పటి కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్) వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో, తర్వాత డెయిరీకి దారితీసిన ఆడవాళ్ల పొదుపు సంఘాలు కట్టించింది. అది విరాళాల మీద నడిచిన సంస్థే. అయినా బయటి డబ్బును సంఘాల అప్పుల పెట్టెలో వేయకూడదని గట్టిగా నియమం పెట్టుకుంది. సభ్యురాళ్లు నెలనెలా కట్టిన పొదుపు నుంచే అప్పులు వెళ్లాయి. విరాళం శిక్షణకూ, లెక్కలు రాయడం నేర్పడానికీ, తనిఖీకీ ఖర్చయింది. ఈ నియమం కఠినమని అప్పట్లో చాలామందికి అనిపించి ఉంటుంది. పక్క ఊళ్లో ఏదో పథకం కింద మేకలు, గేదెలు ఉచితంగా పంచుతుంటే, ఇక్కడ మీ డబ్బు మీరే దాచుకోండని చెప్పడం సులువు కాదు. కానీ పెట్టెలో ఉన్న ప్రతి రూపాయీ పక్కింటి అక్కదో, వదినదో అయినప్పుడు ఎగ్గొట్టడానికి ఎవరికైనా మనసు రాదు. లెక్కల పుస్తకం చదవాలన్న పట్టుదల కూడా అక్కడే పుడుతుంది.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా పెద్ద దానం ఒక చట్టం. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం రిజిస్ట్రార్ చేతికి సంఘాల ఊపిరి అప్పగించింది. పాలకవర్గాన్ని రద్దు చేయడం, ఎన్నికలు వాయిదా వేయడం, పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టడం సర్కారు ఇష్టం. ప్రభుత్వ వాటాధనం, గ్యారంటీలు తీసుకున్నందుకు రైతులు చెల్లించిన మూల్యం అది. 1991లో చౌదరి బ్రహ్మప్రకాశ్ కమిటీ ఒక నమూనా చట్టం సూచించింది. సహవికాస వాళ్లు ఏళ్ల తరబడి చదివి, వాదించి, చర్చలు పెట్టి, పోరాడిన ఫలితంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా వద్దనుకున్న సంఘానికి తన నియమావళి తానే రాసుకునే హక్కు, తన పాలకవర్గాన్ని తానే ఎన్నుకునే హక్కు దక్కాయి. దేశంలో ఆ దారి మొదట పట్టింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ముల్కనూరు డెయిరీ పుట్టింది ఈ చట్టం కిందనే. ఒక గేదె కొనిస్తే ఒక ఇల్లు బాగుపడవచ్చు. ఈ చట్టం పేరు కూడా వినని వేల మంది ఆడవాళ్లు దాని నీడన పాల బిల్లు అందుకున్నారు. చట్టం కోసం చేసిన ఖర్చుకు ఫొటో ఉండదు, శిలాఫలకం ఉండదు. అందుకే దాతలు దానివైపు చూడరు, అదే నాకు బాధ.

దానం కంటే సభ్యత్వాన్ని నమ్ముకున్న ఈ దారి ముల్కనూరు కనిపెట్టింది కాదు. జర్మనీలో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ 1846-47 కరువులో ధనికులను కూడగట్టి బీదలకు రొట్టె అందేలా చేశాడు. తర్వాత 1849లో పశువులు కొనడానికీ, 1854లో సంక్షేమానికీ ధనికుల సాయంతోనే సంఘాలు పెట్టాడు. ధనికుల ఉత్సాహం చల్లారినప్పుడల్లా అవి నీరసించాయి. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో అప్పు తీసుకునేవాడు సభ్యుడిగా చేరి తీరాలని మార్చాకనే ఆ పని నిలిచింది. దయాగుణం నిండుగా ఉన్న మనిషే పద్దెనిమిదేళ్ల అనుభవంతో దానం నుంచి సభ్యత్వానికి వచ్చాడు. ఎదురు దృష్టాంతం మన కళ్ల ముందే జరిగింది. సూక్ష్మరుణ సంస్థలు మొదట్లో దాతల డబ్బుతో, బీదల మేలు పేరుతోనే వచ్చాయి. 2010 నాటికి వాటిలో ఒకటి స్టాక్ మార్కెట్‌కు చేరింది, అదే ఏడాది అక్టోబరులో వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అక్కడా గ్రూపులున్నాయి, అక్కడా ఆడవాళ్లే ఉన్నారు. వడ్డీ ఎంతో, వసూలు ఎలాగో, లాభం ఎటు పోవాలో నిర్ణయించే చోట మాత్రం వాళ్లు లేరు.

ఇంకొక ఆక్షేపణకు ఇంత తేలికైన జవాబు లేదు. గేదె పెట్టుకోవాలంటే గడ్డి కావాలి, గడ్డికి నేల కావాలి. నెలనెలా పొదుపు కట్టాలంటే ముందు కూలి దొరకాలి. సెంటు భూమి లేని దళిత కుటుంబానికీ, ఒంటరి ఆడదానికీ ఈ సహకారం ఎంతవరకు అందుతుంది? సగమే అందుతుందని ఒప్పుకోక తప్పదు. ఇలాంటివాళ్ల కోసం బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో వేరే పద్ధతి మొదలుపెట్టింది. ఒక పశువునో, చిన్న వ్యాపారాన్నో ఉచితంగా ఇచ్చి, కొన్ని నెలలు తిండికి భత్యం ఇచ్చి, రెండేళ్లపాటు వెంట ఉండి నేర్పడం ఆ పద్ధతి. దాన్ని ఆరు దేశాల్లో పరీక్షించిన ఫలితాలు 2015లో సైన్స్ పత్రికలో వచ్చాయి. చాలా చోట్ల లాభం నిలిచింది. పశ్చిమ బెంగాల్‌లో బంధన్ సంస్థ నడిపిన కార్యక్రమంలో ఏళ్లు గడిచాక కూడా ఆ కుటుంబాలు సాయం అందనివాళ్ల కంటే ముందే ఉన్నాయి. మన మెదక్ జిల్లాలో ఇలాంటి ప్రయత్నమే జరిపినప్పుడు మాత్రం, పశువు అందినవాళ్లకూ అందనివాళ్లకూ మధ్య చివరికి తేడా కనబడలేదు. వ్యవసాయ కూలి రేట్లు పెరిగి, పశువు లేనివాళ్లూ అంతే ముందుకు వెళ్లారు. అందువల్ల అడుగున ఉన్నవాళ్లకు నేరుగా ఇవ్వడం తప్పని నేను అనను, ఇవ్వాలి. కూలి గిట్టుబాటయ్యే చోట పశువే ఇవ్వాలా, లేక పిల్లల చదువుకూ వైద్యానికీ ఖర్చు పెట్టడం మేలా అన్నది ఆ ఊరినీ ఆ కుటుంబాన్నీ అడిగి తేల్చాలి. అలా అడగగలిగే చోటు సంఘమే.

2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఆ డబ్బు చాలావరకు ఏడాదికో, మూడేళ్లకో లెక్క చూపించే ప్రాజెక్టుల్లోకి వెళ్తోంది. మూడేళ్లలో పొదుపు అలవాటు కూడా పూర్తిగా కుదరదు. ముల్కనూరులో 1956 నుంచి 2000 దాకా పట్టింది. ఆకలితో ఉన్నవాళ్లను నలభై ఏళ్లు ఆగమంటారా అని అడగవచ్చు. రేషను, ఉపాధి హామీ, బడి, ఆసుపత్రి ఇవాళే అందాలి, అవి సర్కారు బాధ్యత. దాత డబ్బు ఆ పనికి సరిపోదు కూడా. సర్కారు చేయలేని పని, ఓపికతో చేయాల్సిన పని దాతలకు మిగిలింది. పల్లె సంఘాల్లో లెక్కలు రాసే అమ్మాయిలకు ఏళ్లపాటు శిక్షణ, సంఘం తనకు తాను జరిపించుకునే ఆడిట్, భూమి లేనివాళ్లు గడ్డి పెంచుకోవడానికి బీడు భూముల కౌలు, కొత్త సభ్యురాలి మొదటి వాటాధనానికి ఒక చిన్న నిధి. ఈ నిధిని ఇచ్చే సంస్థ పాలకవర్గంలో సీటు అడగకూడదు. ఎవరికి ఇవ్వాలో పాలు పోసే ఆడవాళ్లే మహాసభలో తేల్చుకుంటారు.