కొవిషీల్డా, కొవాగ్జినా?

2021 మార్చి నెల మన సభ్యులెవరూ మరచి ఉండరు. ఆ నెల 1వ తేదీ నుండి అరవై దాటిన వారికి కరోనా టీకా మొదలైంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పటికి అనంతపురం జిల్లాలోనివే. శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. పింఛనుదారులు ఇద్దరు కలిస్తే డి.ఏ. మాట వెనక్కి పోయి, "మీరు వేయించుకున్నది కొవిషీల్డా, కొవాగ్జినా?" అనే ప్రశ్నే ముందుకొచ్చేది.

కొవాగ్జిన్ మన తెలుగువారి గడ్డ మీద తయారైనదే. హైదరాబాదు దగ్గరి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తోడ్పాటుతో చేసింది. పద్ధతి పాతది. వైరస్‌ను పెంచి, రసాయనంతో చంపి, ఆ చచ్చినదాన్ని ఒంట్లోకి ఎక్కిస్తారు. శరీరం దాన్ని చూసి శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. 1955లో వచ్చిన సాల్క్ గారి పోలియో సూదిమందూ ఇటువంటిదే.

కొవిషీల్డ్ దారి వేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు కనిపెట్టగా పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసింది. చింపాంజీలకు జలుబు తెచ్చే వైరస్ ఒకదాన్ని మన ఒంట్లో పెరగకుండా చేసి, కరోనా మీది ముల్లును తయారుచేసే జన్యు సమాచారాన్ని దానితో పంపుతారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే అది తపాలు మోసే బంట్రోతు.

రెంటికీ అనుమతి 2021 జనవరి 3నే ప్రకటించారు. కానీ కొవాగ్జిన్ మూడో దశ పరీక్షల ఫలితాలు అప్పటికి రాలేదు. జనం సందేహించారంటే తప్పు పట్టలేను. తరువాత వచ్చిన లెక్క 77.8 శాతం. కొవిషీల్డ్‌తో బహు అరుదుగా రక్తం గడ్డకట్టడం కనిపించిన మాటా నిజమే.

ధర్మవరంలో నాతో పనిచేసిన ఒకాయన "మంచిది వచ్చినప్పుడు వేయించుకుంటాలే అన్నా" అంటూ ఏప్రిల్ గడిపేశాడు. మే నెలలో సెకండ్ వేవ్ ముంచుకొచ్చింది. ఆయన ఇంటావిడకు కుటుంబ పింఛను దరఖాస్తు నేనే నింపాను. ఆ మే నెలలోనే కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12 నుండి 16 వారాలకు పెంచారు. కొవాగ్జిన్‌కు మాత్రం 28 రోజులే. ఇంకేం, వాదులాట మళ్లీ మొదలు! జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షల పైచిలుకు డోసులు వేశారు.

తక్కినవి మనదాకా అంతగా రాలేదు. రష్యా వారి స్పుత్నిక్‌ను హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది. బయోలాజికల్ ఇ వారి కోర్బెవ్యాక్స్ 2022 మార్చి 16 నుండి పన్నెండేళ్లు నిండిన మనుమలకు వేశారు. అందులో ఉండేది వైరస్ ప్రోటీను ముక్క మాత్రమే. అమెరికాలోని మన పిల్లలు వేయించుకున్న ఫైజర్, మోడెర్నా ఎం.ఆర్.ఎన్.ఏ. రకం. దానికి బాట వేసిన కారికో, వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ వచ్చింది.

2022 జనవరి 10న బి.పి., షుగరు ఉన్న పెద్దలకు మూడో డోసు మొదలైంది. ముందు వేయించుకున్న రకమే మళ్లీ వేయాలని నిబంధన. అప్పుడు మనవాళ్లు ఫోనులో అడిగింది ఒక్కటే: క్యూ ఎంత ఉంది?