పత్తి చేలు, మిరప కళ్లాలు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో బాలల హక్కుల చరిత్ర

కృష్ణ కుడిగట్టున, విజయవాడకు ఎదురుగా ఉన్న తాడేపల్లిని ఆనుకునే సీతానగరం ఉంటుంది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అక్కడ నేరస్థ తెగగా ముద్రపడిన ఎరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్‌మెంటు నడిపింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం కూడా ఆ సంస్థ నడిపినదే. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ పిల్లలు చేసిన నేరమేమీ లేదు, పుట్టిన కులం తప్ప. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. ఈ నేల మీద బాలల హక్కుల చరిత్రను అక్కడి నుంచి మొదలుపెట్టడమే న్యాయం.

రాజ్యాంగం 24వ అధికరణంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కర్మాగారాల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని చెప్పింది. పొలం ఊసు అందులో లేదు. 1986 బాలకార్మిక చట్టమూ కొన్ని వృత్తులను ఎంచి నిషేధించిందే తప్ప సాధారణ వ్యవసాయ పనుల జోలికి పోలేదు. 1987లో బాలకార్మిక జాతీయ విధానం వచ్చాక దేశంలో తొమ్మిది చోట్ల ప్రత్యేక ప్రాజెక్టులు చేపట్టారు. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: జగ్గంపేట పెంకుల పరిశ్రమకు ఒకటి, ప్రకాశం జిల్లా మార్కాపురం పలకల పరిశ్రమకు మరొకటి. పలకలు చేసే పిల్లలు ప్రభుత్వం కంట పడ్డారు. అదే జిల్లాలో పత్తి తీసే పిల్లలు పడలేదు.

1991 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేస్తున్న పిల్లలు 16.62 లక్షలు. దేశంలో మరే రాష్ట్రంలోనూ అంతమంది లేరు.

ఈ పిల్లల్లో పత్తి విత్తనం చేలల్లో పనిచేసినవాళ్ల కథ వేరుగా చెప్పుకోవాలి. 1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి వచ్చింది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ప్రతి మొగ్గనూ ముందురోజు విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు ఉదయం మరో రకం పుప్పొడిని చేత్తో అద్దాలి. రైతులు దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్క పువ్వూ వదలకుండా నెలల తరబడి సాగే ఈ పనికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆడపిల్లలను పెట్టుకున్నారు. పెద్దవాళ్ల కంటే తక్కువ కూలికి వస్తారు, ముందే ఇంటికి అడ్వాన్సు ఇస్తే సీజనంతా కట్టుబడి ఉంటారు. వాళ్ల వేళ్లు సున్నితమన్న మాట సాకు మాత్రమే, అసలు కారణం కూలి రేటు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు దీన్ని బయటపెట్టాకే, 2003 ప్రాంతంలో, బహుళజాతి విత్తన కంపెనీలు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

బాలకార్మికుల గురించిన ఆలోచనను మార్చింది మాత్రం రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి ఆ సంస్థ ఒకే మాట మీద నిలబడింది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పశువులు కాసే పిల్లవాడైనా, చెల్లెల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన పిల్ల అయినా సరే. పనిచేసొచ్చాక రాత్రి బడి పెడితే చాలదు, పగటి బడికే పంపాలని పట్టుబట్టింది. వెనకబడిన పిల్లల కోసం శిబిరాలు నడిపి, వయసుకు తగ్గ తరగతుల్లో చేర్పించింది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం దక్కింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. న్యాయస్థానం వైపు నుంచి దారి తీసిందీ ఆంధ్రప్రదేశ్ ప్రతివాదిగా ఉన్న వ్యాజ్యమే. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనంది. 2002లో అది రాజ్యాంగంలోకెక్కింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది.

ఫలితం కనబడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో 13.63 లక్షలుగా ఉన్న బాలకార్మికులు 2011 నాటికి 4.05 లక్షలకు తగ్గారు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ బడి మీద ఖర్చు పెట్టాయి. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న ప్రకాశం జిల్లా కేంద్రం ఒంగోలులోనే మొదలైంది. మరుసటి జనవరిలో అమ్మఒడి కింద పిల్లలను బడికి పంపే తల్లులకు ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆడపిల్లల విషయంలో ఇంత ధీమాగా చెప్పలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశ సగటు 23.3.

బాలకార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయపడవచ్చని మినహాయించింది. మిరప కోతల్లో ఈ మినహాయింపు ఎటు దారితీస్తుందో ఊహించడం కష్టం కాదు. కిలో లెక్కన కూలి కట్టే చోట కుటుంబంలో ప్రతి చెయ్యీ లెక్కకొస్తుంది. కర్నూలు జిల్లాలోని ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికని, అంటే కోతల కాలపు వలస పనికని, గుంటూరు, ప్రకాశం చేలకు వస్తాయి. ముందు పత్తి తీతలు, తర్వాత వేసవి దాకా మిరప కోతలు. అంటే బడి తెరిచి ఉండే నెలలూ ఇవే, పరీక్షల నెలలూ ఇవే. పిల్లలు సొంతూళ్లోనే ఉండి చదువుకునేలా కర్నూలు ప్రాంతంలో సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. అవి వలస మొదలయ్యే ముందే తెరిస్తేనే పనికొస్తాయి. తల్లిదండ్రులతో బండెక్కేసిన పిల్లను మధ్యలో వెనక్కి రప్పించడం దాదాపు అయ్యే పని కాదు.

2011 తర్వాత కొత్త లెక్క లేదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి, జనాభా లెక్కింపును 2027 ఫిబ్రవరికి నిర్ణయించారు. మిరప కోతలు సాగే నెల అది. సుగ్గికి వచ్చిన పిల్లలు లెక్కలోకి రావాలంటే ఎన్యుమరేటర్లు ఊళ్లోని ఇళ్లతో ఆగకుండా చేల గట్ల మీది గుడారాల దాకా వెళ్లాలి.